బిస్కెట్లు సమంగా కాలాలంటే అప్పడాల కర్ర ఎలా ఉండాలి

ఒకే ముద్ద నుంచి కోసి, ఒకే ట్రేలో పేర్చి, ఒకే ఓవెన్‌లో పెట్టిన బిస్కెట్లలో కొన్ని ముదురు రంగుకు తిరిగిపోతాయి, కొన్ని మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటాయి. నింద ముందుగా ఓవెన్ మీద పడుతుంది. చాలా ఓవెన్లలో ఒక మూల వేడి ఎక్కువన్నది నిజమే. అయితే ట్రేని సగంలో తిప్పి పెట్టినా తేడా పోకపోతే, మాడినవన్నీ ఒకే పక్కన కాకుండా అక్కడొకటి ఇక్కడొకటిగా కనిపిస్తే, అనుమానించాల్సింది పిండి మందాన్ని. 3 మిల్లీమీటర్లు ఉండాల్సిన రేకు ఒకచోట రెండున్నర, ఇంకోచోట మూడున్నర ఉందనుకుందాం. పలచటి బిస్కెట్ కంటే మందపుదానిలో 40 శాతం ఎక్కువ పిండి ఉన్నట్టు లెక్క. ఆ రెండూ ఒకే నిమిషానికి కాలవు.

అప్పడాల కర్ర అనగానే పిండిని నొక్కే వస్తువనే తోస్తుంది. నొక్కడానికైతే గాజు సీసా చాలు. అవసరానికి సీసాతోనే పని కానిచ్చినవాళ్లు కోకొల్లలు. కర్రకి ఉన్న అసలు పని, ఒత్తిన రేకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మందంలో ఉండేలా చూడటం. ఆ లెక్కన అది సగం వంటసామాను, సగం కొలబద్ద. ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకుంటే, కొనేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నల వరస మారిపోతుంది. ఏ చెక్క, ఎంత నిగనిగ, పిడి ఏ రంగు అన్నవి వెనక్కి పోతాయి. సూటిగా ఉందా, కొన్నేళ్లు వాడాక కూడా సూటిగానే ఉంటుందా అన్నవి ముందుకొస్తాయి.

పిడులు అవసరమా?

చెక్క రోలింగ్ పిన్లలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, మొదలు నుంచి చివర దాకా ఒకే లావుతో, పిడులేవీ లేకుండా ఉండే ఉత్త గుండ్రటి కర్ర. రెండోది నడుమ లావుగా ఉండి రెండు కొనలకీ సన్నబడేది. ఈ రెంటినీ ఫ్రెంచ్ పిన్ అన్న పేరుతోనే అమ్ముతుంటారు. మూడోది ఇరుసు మీద తిరిగేది: పిడులు పట్టుకున్నచోటే ఉంటాయి, నడుమనున్న రోలర్ మాత్రం తిరుగుతుంది.

బొమ్మల్లో వంటవాడి చేతిలో కనిపించేది మూడోదే కాబట్టి అదే అసలైనదని చాలామంది అనుకుంటారు. దానికీ ఒక ప్రయోజనం లేకపోలేదు. రోలర్ లావుగా, బరువుగా ఉంటుంది; పెద్ద మొత్తంలో గట్టి పిండి రోజూ ఒత్తేవారికి చేతుల శ్రమ తగ్గుతుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి బేకింగ్ చేసే ఇంట్లో మాత్రం ఆ ఇరుసు లాభం కంటే బెడదే ఎక్కువ. ఇరుసుకీ చెక్కకీ మధ్యనున్న సందులోకి ముందు పొడిపిండి చేరుతుంది, కడిగినప్పుడు నీళ్లు చేరతాయి. పైన తుడిస్తే క్షణంలో ఆరిపోతుంది, లోపల ఆరదు. అక్కడ బూజు పట్టినా కంటికి కనబడదు. లోపల ఇనుప బేరింగులుంటే తుప్పు దానికి తోడు. పైగా ఇరుసు కోసం చెక్కను నిలువునా తొలుస్తారు. ఎండకీ తడికీ పగిలే గుణమున్న వస్తువుకి అది మరో బలహీనత.

ఇంకో తేడా చేతికి మాత్రమే తెలుస్తుంది. పిడులు లేని కర్ర అరచేతుల కింద దొర్లుతుంది. పిండి ఎక్కడ మందంగా ఉంటే అక్కడ చెయ్యి కాస్త ఎత్తుకు లేస్తుంది, ఆ చోటే ఇంకాస్త ఒత్తవచ్చు. చేతులు దగ్గరకు జరపవచ్చు, దూరం పెట్టవచ్చు. పిడులు పట్టుకుంటే బలమంతా రెండు కొనల నుంచే వెళ్లాలి, నడుమ ఏం జరుగుతోందో చేతికి అందదు.

విడి ఇరుసు లేకుండా అదే చెక్కలో చిన్న పిడులు చెక్కిన కర్రలు కూడా ఉన్నాయి. వీటిలో చూసుకోవాల్సింది వేళ్ల జాగా. నడుమ లావు 5 సెంటీమీటర్లు, పిడి లావు 3 సెంటీమీటర్లు అయితే పిడికీ బల్లకీ మధ్య మిగిలేది ఒక్క సెంటీమీటరు. పెద్దవాళ్ల వేలు అందులో పట్టదు. ఒత్తినంతసేపూ కణుపులు బల్లకు రాసుకుంటాయి. కొనేముందు ఏదైనా బల్ల మీద ఒక్కసారి పిడులు పట్టుకుని దొర్లిస్తే చాలు, విషయం తేలిపోతుంది.

కొనలు సన్నబడే కర్ర గుండ్రటి రేకులకు హాయిగా ఉంటుంది. ఒక కొన మీద కాస్త బరువు మోపితే కర్ర తనంతట తానే చక్రంలా మళ్లుతుంది, ‘పై’ (pie) అనే వంటకానికి వేసే పొరలాంటి వాటిని వలయంగా సాగదీయడానికి వీలవుతుంది. కానీ పిండికి సమంగా ఆనేది దాని నడుమ భాగమే. ఒక పక్కకి ఒరిగితే రేకు ఆ పక్కన పలచబడిపోతుంది. వెడల్పైన చతురస్రపు రేకు, పొరలు పొరలుగా మడవాల్సిన పఫ్ పేస్ట్రీ, అచ్చులతో కోసే బిస్కెట్ల పిండి వంటివాటికి ఒకే లావున్న సూటి కర్రే నయం. ఇంట్లో ఒక్కటే ఉంటే అదే ఉండాలి. రెండోది కావాలో వద్దో వాడకమే చెబుతుంది.

పొడవు, లావు, బరువు

పొడవుకు లెక్క సులువు. ఒత్తబోయే రేకు వెడల్పుకి రెండు పక్కలా అరచేతులు ఆనేంత చోటు కలపాలి. 30 సెంటీమీటర్ల రేకుకి అటు 8, ఇటు 8 కలిపితే 46. అందుకే పిడులు లేని కర్రలు మామూలుగా 45 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. రేకు కంటే కర్ర పొట్టిదైతే దాని కొనలు పిండి మీద గీతలు పెడతాయి. ఆ గీతలు చెరపడానికి మళ్లీ ఒత్తడం, ఒత్తిన కొద్దీ పిండి సాగి బిగుసుకోవడం, బిగుసుకున్న పిండి ఓవెన్‌లో కుంచించుకోవడం, ఇలా ఒకదాని వెంట ఒకటి. కొనే ముందు సొరుగు పొడవు కొలుచుకోవడం మాత్రం మరిచిపోకూడదు.

లావు సంగతి ఇంకాస్త ఆసక్తికరం. ఏ క్షణంలోనైనా పిండిని తాకేది కర్రలో ఒక సన్నటి పట్టీ మాత్రమే. మందం ఒక్కసారికి 2 మిల్లీమీటర్లు తగ్గేలా నొక్కితే, నాలుగున్నర సెంటీమీటర్ల లావున్న కర్ర పిండిని సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పున తాకుతుంది, 7 సెంటీమీటర్ల లావున్నది దాదాపు 12 మిల్లీమీటర్ల వెడల్పున. సన్నటి కర్ర కింద బలం ఇరుకుచోట గుమిగూడుతుంది కాబట్టి చిన్న ముద్దను త్వరగా పలచన చేస్తుంది. మరీ సన్నదైతే పిండిని చదును చేయడానికి బదులు ముందుకు అలలా నెట్టుకుపోతుంది. లావు కర్ర నిదానంగా, మెత్తగా పరుస్తుంది. నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్ల మధ్య లావుంటే ఇంటి పనులన్నిటికీ సరిపోతుంది.

బరువు ఈ రెంటి నుంచే వస్తుంది. 50 సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర సెంటీమీటర్ల లావు ఉన్న కర్ర ఘనపరిమాణం సుమారు 795 ఘన సెంటీమీటర్లు. బీచ్, గట్టి మేపుల్ లాంటి చెక్కలు ఘన సెంటీమీటరుకు 0.7 గ్రాముల దగ్గర తూగుతాయి కాబట్టి అది 550 గ్రాములకు కాస్త అటూఇటూగా ఉంటుంది. తెల్ల పైన్‌తో చేస్తే 320 గ్రాములు. అదే కొలతల్లో పాలరాయితో చేస్తే రెండు కిలోలు దాటుతుంది. బరువైన కర్ర పని తగ్గిస్తుందన్నది సగమే నిజం. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి పిండిని అది సులువుగా అణుస్తుంది. కానీ అదుపు తప్పితే ఒక్క తోపులో అంచులు కాగితమంత పలచనైపోతాయి. అరకిలో బరువున్న కర్రతో చెయ్యి ఎంత మోపితే అంతే పడుతుంది.

వంగిన కర్రకు మందు లేదు

చెక్క చచ్చిన వస్తువే అయినా కదలిక ఆగదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. ఈ కదలిక అన్ని వైపులా ఒకేలా ఉండదు. బీచ్ చెక్క పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి, మానులో ఏటేటా ఏర్పడే వలయాల వెంట సుమారు 12 శాతం, నడిమి నుంచి బెరడు వైపు చూస్తే సుమారు 6 శాతం తగ్గుతుంది. పొడవునా తగ్గేది మాత్రం సాధారణంగా 0.1 నుంచి 0.2 శాతమే. అందుకే సంపూర్ణ వృత్తంగా తీసిన కర్ర కూడా కాలక్రమంలో కోలగా మారుతుంది. ఎంత కోలగా? బాగా ఎండిన కర్రలోనూ తేమ ఒక్కో కాలంలో 12 శాతం నుంచి 6 శాతానికి దిగిందనుకుంటే, 45 మిల్లీమీటర్ల లావున్న బీచ్ కర్రలో ఒక వ్యాసం ఇంకోదాని కంటే సుమారు అర మిల్లీమీటరు తగ్గుతుంది. పచ్చి చెక్కతో తొందరపడి చేసినదైతే ఆ తేడా మిల్లీమీటర్లలోకి వెళుతుంది.

అర మిల్లీమీటరు కోలను క్షమించవచ్చు. రేకు మీద మెల్లని అలలా దాని జాడ పడుతుంది, అడ్డంగా నిలువుగా తిప్పి తిప్పి ఒత్తితే చాలావరకు చెరిగిపోతుంది. పిండికి రెండు పక్కలా ఒకే మందమున్న బద్దలు పెట్టి, వాటి మీద కర్రను దొర్లిస్తే కోలతనం ఇక లెక్కలోకే రాదు, ఎందుకంటే కర్ర అడుగు ఎప్పుడూ బద్దల ఎత్తులోనే ఉంటుంది. (కొనలకు రబ్బరు చక్రాలు తగిలించి మందం సరిచూసుకునే కర్రలు చేసేదీ ఇదే పని. 3 మిల్లీమీటర్ల బద్దలు రెండు, 5 మిల్లీమీటర్లవి రెండు దగ్గరుంటే ఆ చక్రాల అవసరం లేదు.)

వంపు అలా కాదు. నడుమ ఒక్క మిల్లీమీటరు వంగిన కర్ర ఒక అరచుట్టులో నడుమ మాత్రమే ఆనుతుంది, కొనలు గాలిలో ఉంటాయి. తర్వాతి అరచుట్టులో కొనలు దిగబడతాయి, నడుమ గట్టులా మిగులుతుంది. బద్దలు పెట్టినా ఈ జబ్బు పోదు. అందుకని సూటిదనం మొదటి పరీక్ష, గుండ్రదనం రెండోది.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. గాజు బల్లో, నున్నటి రాతి పలకో చాలు. దాని మీద కర్రను వేసి, అవతల వెలుతురు ఉండేలా కిందికి వంగి చూస్తూ నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు దొర్లించాలి. కర్ర కింద వెలుగు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వంపు ఉన్నట్టు. సందు కనబడకుండా కర్ర మాత్రం తప్పటడుగులు వేస్తున్నట్టు దొర్లితే కోలగా ఉన్నట్టు. సందు ఎంతుందో తేల్చడానికి కాగితం ముక్క పనికొస్తుంది: మామూలు ప్రింటింగ్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఒక పొర దూరితే ఫరవాలేదు. నాలుగు మడతలు కూడా దూరిపోతే ఆ కర్రను దించేయడమే మేలు. బల్ల దొరకనిచోట వడ్రంగులు బద్దను చూసినట్టు ఒక కన్ను మూసి, కర్రను కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూస్తూ వేళ్లతో తిప్పినా పెద్ద వంపులు దొరికిపోతాయి. కొనలు సన్నబడే కర్రకు గాజు పరీక్ష నడుమ భాగానికే చెల్లుతుంది.

ఈరోజు సూటిగా ఉన్నది రేపూ ఉంటుందా అన్నది చెక్క మీది గీతలు చెబుతాయి. ఆ చారలు ఈ కొన నుంచి ఆ కొనకు కర్ర పొడవు వెంటే సాగితే చెక్కను నార వెంట కోశారని అర్థం. పొడవునా కదలిక అతి తక్కువ కాబట్టి అలాంటిది వంగడం అరుదు. చారలు ఏటవాలుగా వచ్చి పక్కనుంచి బయటికి పోతుంటే, అడ్డదిశలో ఉండాల్సిన కుదింపు కొంత పొడవులోకి చొరబడుతుంది. కర్ర మెలిపడటానికి అదే దారి. ముడులున్న చోటా నార వంకర తిరుగుతుంది.

తర్వాత కొన చూడాలి. వలయాలన్నీ ఒక చుక్క చుట్టూ గురిబిళ్లలా కనిపిస్తే, ఆ కర్ర సన్నటి కొమ్మను అలాగే చెక్కి చేసినది. మొక్క నడిమి బెండు అందులోనే ఉంది. ఇది ఎంత నున్నగా ఉన్నా వద్దు. వలయాల వెంట కుదింపు, నడిమి వైపు కుదింపు కంటే రెట్టింపన్నాం కదా. చుట్టుకొలత అంతగా తగ్గాలని లాగుతుంటే లోపలి భాగం అంత తగ్గనివ్వదు. ఆ పెనుగులాటకు ముగింపు బయటి నుంచి నడిమి దాకా చీలే పగులు. పెద్ద దుంగలో పక్క భాగం నుంచి తీసిన కర్ర కొనలో వలయాలు వంపు తిరిగిన గీతల్లా, కేంద్రం కనబడకుండా ఉంటాయి. కావాల్సింది అదే.

ఏ చెక్క?

ఈ ప్రశ్న చాలామంది మొదట అడిగేది. దీనికి జవాబు మాత్రం చిన్నది. గట్టిగా ఉండాలి, రంధ్రాలు కంటికి కనబడనంత సన్నగా ఉండాలి, బాగా ఎండి ఉండాలి.

గట్టిదనాన్ని కలప లోకం జంకా అనే కొలతతో లెక్కిస్తుంది: చిన్న ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేలా నొక్కడానికి ఎంత బలం కావాలన్నది. గట్టి మేపుల్, యూరప్ బీచ్ రెండూ 1450 పౌండ్ల దగ్గర ఉంటాయి. వాల్‌నట్ 1000 దగ్గర, చెర్రీ 950, తెల్ల పైన్ 380. పైన్ కర్ర సొరుగులో చెంచా తగిలినా సొట్టపడుతుంది. ఆ సొట్టలన్నీ తర్వాత పిండి మీద అచ్చు గుద్దుకుంటాయి. చెర్రీ నుంచి పైకి ఏదైనా ఇంటి వాడకానికి చాలు. మేపులా బీచా అని తలలు పట్టుకోవడం అనవసరం. బీచ్ తేమకు కాస్త ఎక్కువ కదులుతుంది, తేడా అంతే.

రంధ్రాల సంగతి గట్టిదనం కంటే ముఖ్యం. ఓక్, యాష్ గట్టివే. కానీ వాటి నాళాలు, అంటే కోసినచోట రంధ్రాలుగా కనిపించే సన్నటి గొట్టాలు, కంటికి కనిపించేంత పెద్దవి. ఎర్ర ఓక్ ముక్కలో ఒక కొన నుంచి ఊదితే గాలి రెండో కొన నుంచి బయటికి వస్తుంది. అలాంటి చెక్క మీద వెన్న, పిండి ఆ గాడుల్లో ఇరుక్కుని ఎండిపోతాయి. మేపుల్, బీచ్, చెర్రీలలో నాళాలు సన్నగా, అంతటా సమంగా పరుచుకుని ఉంటాయి. టేకు తేమకు చాలా తక్కువ కదులుతుంది, సూటిదనం నిలుపుకోవడంలో మిగతావాటి కంటే ముందుంటుంది. రంధ్రాలు మాత్రం వీటి కంటే పెద్దవి. బాగా నునుపు చేసినదైతే అదీ మంచి ఎంపికే.

రకరకాల రంగు చెక్కల్ని అతికించి చారలు చారలుగా చేసిన కర్రలు చూడముచ్చటగా ఉంటాయి. ఒక్కో చెక్కా తేమకు ఒక్కోలా ఉబ్బుతుంది కాబట్టి కొన్నాళ్లకు అతుకుల దగ్గర గోటికి తగిలేంత గట్లు లేవవచ్చు. గోడకు తగిలించుకోవడానికైతే అభ్యంతరం లేదు.

చల్లదనం గురించిన అపోహ

వెన్న ఎక్కువగా ఉండే పిండికి పాలరాతి కర్ర మంచిదన్న మాట తరచూ వినబడుతుంది, కారణం అది చల్లగా ఉంటుందని. ముట్టుకుంటే చల్లగా తోచేది నిజం. కానీ గదిలో ఉన్న పాలరాయి గది వేడిలోనే ఉంటుంది. రాయి చెక్క కంటే పది రెట్లకు పైగా వేగంగా వేడిని మోస్తుంది కాబట్టి చేతిలోని వేడిని గబగబా లాగేసుకుంటుంది, ఆ లాగడమే చల్లదనంగా తోస్తుంది. గది 30 డిగ్రీల వేడిలో ఉంటే ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 5 డిగ్రీల పిండికి ఆ రాయి చెక్క కంటే వేగంగా వేడిని అందిస్తుంది. ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి తీస్తేనే దాని వల్ల లాభం. చెక్క ఏ పక్కకూ వేడిని సులువుగా పోనివ్వదు. అరచేతి వేడి వెన్నకు చేరదు. సన్నగా గరుకుదనం ఉండటంతో పొడిపిండిని పట్టి ఉంచుతుంది కూడా, పిండి అంటుకోవడం తగ్గుతుంది.

పై పూత, తర్వాతి సంరక్షణ

మెరిసే వార్నిష్ పూతను ఈ కర్రకు అనుకూలంగా చూడలేం. పొడిపిండి దాని మీద నిలవక జారిపోతుంది, ఎక్కడైనా గీత పడితే అక్కడి నుంచి పెచ్చులుగా లేస్తుంది. పూత లేని కర్ర, లేదా నూనె పట్టించిన కర్ర మేలు. వంటకు వాడే ఆలివ్, పల్లీ లాంటి నూనెలు గాలికి గట్టిపడవు. చెక్కలోనే ఉండి మెల్లగా ముక్కవాసన పట్టిస్తాయి. వాటికి బదులు ఆహార వాడకానికి తగిన మినరల్ ఆయిల్, లేదా దానిలో కరిగించిన తేనెమైనం పట్టించవచ్చు. అవిసె, వాల్‌నట్ నూనెలు గాలికి పొరలా గట్టిపడతాయి. అయితే బాయిల్డ్ అని రాసి ఉండే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి అది వంటసామానుకు కాదు. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, పరిచి ఆరబెట్టాలి. మళ్లీ నూనె ఎప్పుడు పట్టించాలో ఒక్క నీటిచుక్క చెబుతుంది. చుక్క పూసలా నిలిస్తే అవసరం లేదు, ఇంకిపోతే వేళయింది.

కడగడంలో భయాలు రెండు రకాలు. చెక్కలో క్రిములు దాక్కుంటాయని కొందరు నానబెట్టి రుద్దుతారు. 1994లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కూరలు తరిగే పలకల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. చెక్క పలక మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి ఇంకి, పైన తిరిగి దొరకడం కష్టమైంది. కత్తిగాట్లున్న ప్లాస్టిక్ పలకల మీద అవి నిలిచిపోయాయి. అది పలకల గురించిన పరిశోధనే తప్ప కర్రల గురించి కాదు, కడగక్కర్లేదనీ దాని అర్థం కాదు. చెక్క అనగానే మురికి అనుకోనక్కర్లేదని మాత్రం తెలుస్తుంది. పచ్చి గుడ్డు కలిసిన పిండి ఒత్తాక సబ్బునీళ్లతో త్వరగా కడిగి, వెంటనే తుడవాలి. నీళ్లలో నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో అసలే పెట్టకూడదు. తడి కర్రను బల్ల మీద పడుకోబెట్టి వదిలేస్తే పైభాగం ముందు ఆరి, అడుగు తడిగా ఉండిపోతుంది. సూటి కర్రను చేజేతులా వంచడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. నిలబెట్టో, వేలాడదీసో ఆరనివ్వాలి.

కొన్నాళ్లకు తడి తగిలి నార లేచి, కర్ర గరుకెక్కుతుంది. 220 నంబరు గరుకు కాగితంతో నార వెంట, కొన నుంచి కొనకు ఒకే ఒత్తిడితో తోసి, ప్రతి నాలుగు తోపులకూ కర్రను కాస్త తిప్పుతూ పోతే మళ్లీ నున్నబడుతుంది. పిండి ఎక్కువగా తగిలే నడుమ భాగాన్నే పట్టుకుని రుద్దకూడదు. అక్కడ పడే గుంట కంటికి ఆనదు గాని, తర్వాతి ట్రేలోని బిస్కెట్లు పట్టించేస్తాయి.